ఒళ్ళో సంచీ

అసలు బరువే లేదే, ఇంత పెద్ద సంచీలో ఏం పెట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నాడో ఈ గుంటడు, రెండు బట్టలు, ఒక దుప్పటి, పక్కన తాడుకి వేలాడే రేకు గ్లాసు, అంతే కదా, మరి నా తొడలెందుకు ఇలా తిమ్మిరెక్కిపోయాయి, వేకువన వాడు మా అప్పలసూరి తెప్ప ఎక్కుతూ, మామ్మా, ఇది, నువ్వు, అని సైగ చేసి నా ఒళ్ళో పడేసి, ఊరు విడిచేముందు ఒక్కసారి చూడాలని వేటకి పోయాడు, అప్పటినుంచి కింద పెట్టలేదు, ఇసుకలో పెడితే ఏమవుతుంది, ఏమీ కాదు, అయినా పెట్టను, మనిషి నీళ్ళ మీద ఉండగా వాడి వస్తువు ఒడ్డున ఒంటరిగా పడి ఉండటం నేనొకసారి చూశాను, నా ఎల్లాజీ చొక్కా, తడుస్తుందని మడతపెట్టి పైన రాయి ఉంచి వేటకెళ్ళాడు నా కొడుకు, మీసాలు సరిగ్గా రాని కొడుకు, మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఉత్తరానికి తిరిగింది, తెప్ప దుంగ ఒకటి కొట్టుకొచ్చింది, వాడు రాలేదు, చొక్కా మాత్రం రాయి కింద మడత చెదరకుండా ఉంది, ఇప్పటికీ నా పెట్టెలో అదే మడతలో ఉంది.

ఈ సంచీదొర వచ్చింది కూడా ఆ ఉత్తరం నుంచే, పూరీ నుంచి ఒడ్డంట నడిచి, బారువ దాటి మా భావనపాడు చేరాడట, ముందు చూసింది చేపలమ్మే తవిటమ్మ, ఒసే కూర్మీ, ఇటు సూడే, మూటమోసే గాడిద్నాగ ఎవుడో తెల్లోడు ఒస్తన్నాడే, ఈడికి ఇల్లూ వోకిలీ నేదేటే, అని నన్ను కేకేసింది, వాడు తిన్నగా వచ్చి వల బాగుచేసుకుంటున్న అప్పలసూరి పక్కన కూలబడి దారం అందుకున్నాడు, ఓలమ్మా, నీ ముడిలోంచి సేపలు కావు, ఏనుగులు ఎలిపోతాయి, ఇటివ్వు దొరా, అని అప్పలసూరి నవ్వితే వాడూ నవ్వాడు, ఆ నవ్వుతోనే స్నేహం కుదిరిపోయింది, నేను చోడి అంబలి పోస్తే ఆ రేకు గ్లాసుతో తాగి ముఖం చిట్లించి, మళ్ళీ గ్లాసు చాపాడు, పిల్లలు నన్ను మామ్మా అంటే వాడూ మామ్మా అన్నాడు, తవిటమ్మయితే, నా మొగుడెలాగూ పోనాడు కదా, ఈణ్ణి మనువాడీస్తానే, సంచీ నానే మోస్తాను, అని వాడి చెయ్యి పట్టుకు లాగింది, ఒడ్డంతా గొల్లున నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే చూశాను, చొక్కా విప్పి నీళ్ళలోకి పోతున్న వాడి వీపు, సంచీ లేని వీపు, ఆ భుజాల ఎముకలు, ఒక పక్కకి వాలిన ఆ మెడ, ఎల్లాజీ, ముందునుంచి చూస్తే పిల్లికళ్ళ పరాయివాడు, వెనకనుంచి చూస్తే నా కొడుకు, అందుకని వాడు వచ్చిన నాటినుంచీ వెనకనుంచే చూశాను, మీ అమ్మ ఎక్కడరా అని చేతులతో అడిగితే సముద్రం అవతలికి చూపించాడు, నువ్వు ఇక్కడున్నావని ఆవిడకి తెలుసా అంటే బుర్ర అడ్డంగా ఊపి నవ్వాడు, ఎలా నవ్వగలిగాడు.

ఎండెక్కిపోయింది, తవిటమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని నా ముందు ఆగింది, ఏటే అలాగ సంచీ కావిలించుకుని కూకున్నావు, అందరి తెప్పలూ ఒచ్చీసినాయి, అప్పలసూరిది రానేదేటే, అంది, నా ముఖం చూసి నోరు మూసుకుంది, నోరు మూసుకోవాల్సింది నేను, పొద్దున్న నేను, ఎందుకన్నానా మాట, తెప్ప కదులుతుంటే, జాగర్త కొడకా, అనేశాను, ఇన్నేళ్ళూ ఈ ఒడ్డున ఎవరినీ కొడకా అనలేదు, ఒరే అన్నాను, గుంటడా అన్నాను, వెధవా అన్నాను, ఆ ఒక్క మాట గంగమ్మ వినకుండా దాచుకున్నాను, ఎందుకంటే ఆవిడ ఒకసారి విన్నది, యుద్ధం రోజుల్లో ఎక్కడో ఓడ మునిగి ఒక శవం మా ఒడ్డుకి కొట్టుకొచ్చింది, ఏ దేశం వాడో, ఏ కులం వాడో, ముఖం కూడా మిగల్లేదు, ఏడ్చే మనిషి లేకుండా మా ఊళ్ళో ఎవరినీ మట్టిలో పెట్టరు, దిక్కులేని శవానికైనా ఒక ఆడది తలదగ్గర కూర్చుని ఏదో ఒక వరస కలిపి పిలవాలి, ఎవరూ కదల్లేదు, కడుపులో ఎల్లాజీతో నేనే కదిలాను, నోట్లో నీళ్ళు పోసి, కొడకా, ఎవులు కన్న కొడుకువి రా, అని ఏడ్చాను, మా అత్త దాలమ్మ రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది, కడుపుతో ఉండి పరాయి పీనుగుని కొడకా అంటావేటే, గంగమ్మ యినీసింది, దానికాడున్నోణ్ణి నువ్వు తీసుకున్నావు, నీకాడున్నోణ్ణి అది తీసుకుంటాది, అంది, ఎల్లాజీ పోయిననాడు అత్త నావైపు ఒక్క చూపు చూసింది, అంతే, ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది, ఈ సంచీ ఏపాటి బరువు.

వీడి అసలు పేరైనా పలకడం రాదే, ఏ ఊరికి కబురు పెట్టను, ఎవరితో పెట్టించను, ఆ తల్లి పొద్దున్నే లేచి ఏం చేస్తుందో, నాలాగే తలుపు వైపు చూస్తుందేమో, గాలి తిరగలేదు కదా, తిరిగిందా, ఇసుక ఎటు లేస్తోంది, సరుగుడు చెట్లు ఎటు వాలుతున్నాయి, ఉత్తరానికే, అమ్మా, ఉత్తరానికే, రేకు గ్లాసు టింగుమంది, నేను ముట్టుకోలేదే, ఎల్లాజీ, ఒరే ఎల్లాజీ, నువ్వేనా, ఈణ్ణొదిలీరా, నీకు తోడు కావాలంటే నన్ను పిలు, ఈడికి తల్లుందిరా, అదిగో, నల్లగా, అల మీదకి లేచి మళ్ళీ మునిగింది, చేపా, దుంగా, దుంగే, దుంగే అయితే మళ్ళీ దుంగే, కాదు, ఒక్క దుంగ కాదు, తెప్ప, తెప్ప మీద ఇద్దరు, ఒకడు తెల్లగా.

దిగి వచ్చి నా ముందు కూలబడగానే వాడి చెంప మీద ఒకటిచ్చాను, అప్పలసూరి పగలబడి నవ్వి, నన్ను కొట్టు పెద్దమ్మా, ఆణ్ణెందుకు, వల రాయికి సిక్కీసింది, ఈడే దూకి ఇడిపించినాడు, అందుకే ఆలీసం, అన్నాడు, వాడు చెంప తడుముకుంటూ నా ఒళ్ళోని సంచీ తాడు నుంచి గ్లాసు విప్పి నీళ్ళకోసం చాపాడు, పక్కనున్న కుండ వంచి పోశాను, ఈ చేతికి ఈ పని తెలుసు, ఆ ముఖం లేని నోట్లో పోసిన చెయ్యే, నీళ్ళు తాగుతుంటే మణికట్టుకి ఎర్రదారం కనబడింది, వెనకనుంచే చూసిన కళ్ళకి ఇన్నాళ్ళూ కనబడని దారం, ఎవులు కట్టినారు రా అంటే వచ్చిన దారివైపు చూపించి, గోపాలపూర్, మా, అన్నాడు, మా అంటే అక్కడ అమ్మ, ఎవరో ఒరియా తల్లి, వీడి భాష రాదు, వీణ్ణి కన్నది ఎవరో తెలీదు, గండం తగలకూడదని కట్టి పంపింది, నేను సంచీ ఇసుకలో పెట్టి చీర దులుపుకుని లేచాను, మళ్ళీ నేనే ఎత్తి వాడి భుజాలకి తగిలించాను, ఎల్లిరా కొడకా అన్నాను, గట్టిగానే అన్నాను, గంగమ్మ వింటే విననీ, గ్లాసు టింగు టింగుమనుకుంటూ కళింగపట్నం దారి పట్టాడు, తవిటమ్మ, ఓ మొగుడా నన్నొగ్గీసి ఎలిపోతన్నావేటి, అని వెనకాల పరుగెత్తింది, నేను అటు చూడలేదు, ఉత్తరానికి చూస్తున్నాను, ఆనాటి గాలి తోసుకుపోయిన వైపు, ఇన్నేళ్ళూ నా కొడుకు నీళ్ళలోనే ఉన్నాడనుకున్నాను, నీళ్ళకి ఒడ్డుండదా, ఒడ్డున ఒక ఆడది ఉండదా, బతికి చేరితే అంబలి పోసి ఉంటుంది, చచ్చి చేరితే తలదగ్గర కూర్చుని ఉంటుంది, ముఖం మిగలకపోయినా నోట్లో నీళ్ళు పోసి ఉంటుంది, కొడుకుని ఆ ఒరియావాళ్ళు పుఅ అంటారు, పుఅ అని పిలిచే ఉంటుంది, నా ఎల్లాజీని.