మందుల షాపులో ఆయన చేతిరాత

మందుల షాపు కంప్యూటర్ తెర మీద, పోయి పద్నాలుగు నెలలైన భర్త చేతిరాతలో "బుధవారం, 11:10" అని కనిపించేసరికి ఆమె చేతిలోని చీటీ జారి కింద పడింది.

"ఏమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?" షాపాయన గబగబా స్టూలు జరిపాడు.

"ఆ గడియారం... ఎక్కడిదండీ?"

"అదా! స్కిన్ అంటారటమ్మా. తెరకి చొక్కా తొడిగినట్టు. నెట్‌లో దొరికింది. రాత బాగుంది కదూ? డాక్టర్ల రాత చదివీ చదివీ చెడిన కళ్లకి పథ్యంలా ఉందని మా ఆవిడ అంటుంది."

ఆమె నవ్వలేదు. ఆ చొక్కా కుట్టింది తనే.

ఆమె ప్రెస్సులో డీటీపీ ఆపరేటరు. ఆయన లిఫ్టు మెకానిక్. ఆయన రాసిన తనిఖీ నోటుబుక్కుల్లోంచి ఒక్కో అక్షరాన్నీ స్కాన్ చేసి, గుణింతాలూ ఒత్తులూ అతికి, ఐదు నెలలు కూర్చుని ఫాంట్ తయారుచేసింది. పొద్దున్నే తెర తెరిస్తే ఆయన రాతలో "లేచావా?" అని పలకరింపు. ఆ రెండు గదుల ఇంట్లో ఆమెను పలకరించేది అదొక్కటే.

స్కిన్‌ని నెట్‌లో పెట్టి నలుగురికీ పంచింది గానీ అక్షరాలను పంచలేదు. ఫాంట్ తన కంప్యూటర్లో మాత్రమే ఉంటే, స్కిన్ దించుకున్నవాళ్లకు మామూలు అక్షరాలే కనిపిస్తాయి. రాత కూడా ప్రయాణం కట్టాలంటే ఫాంట్‌ని స్కిన్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఆమె కావాలనే పెట్టలేదు. ఆయన్ని ఊరందరి గోడలకీ అంటించడం ఆమెకు ఇష్టం లేదు.

"ఒక్కసారి ఆ ఫోల్డర్ తెరవండి."

తెరిచాడు. ఫాంట్ దర్జాగా అందులో కూర్చుని ఉంది.

ఎవరు పెట్టారు? ఆమె కంప్యూటర్ గడప దాటింది ఒక్కసారే. కొత్త డిస్క్ వేయించడానికి ఓ ఆదివారం మరిది తీసుకెళ్లాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడ పట్టేసింది. మాత్రలు తీసుకోకుండానే రోడ్డెక్కింది.

మరిది రిపేరు గది మూడో అంతస్తులో. సీసా మూతల్లో స్క్రూలు, బల్ల నిండా విప్పిన లాప్‌టాప్‌లు.

"రా వదినా! దారి తప్పావా ఏంటి?"

"మీ అన్నయ్య అక్షరాలు ఎవరికిచ్చావు?"

"అక్షరాలా? నాకొచ్చినవే అరకొర, ఇంకొకళ్లకేం ఇస్తాను?" అంటూనే చెయ్యి చాచి తన తెరను గోడవైపు తిప్పబోయాడు.

ఆమె చటుక్కున పట్టుకుని ఇటు తిప్పింది. ఆయన రాతలో రెండే మాటలు. "ఒరేయ్, తిన్నావా?"

మరిది స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, తలొంచుకుని చెప్పాడు.

"నేనే వదినా. ఆ ఆదివారం నీ తెర మీద 'లేచావా' అని చూశా. గుండె ఆగినంత పనైంది. స్కిన్ నా దాంట్లోకి కాపీ చేసుకుంటే ఉత్త అక్షరాలొచ్చాయి. ఫాంట్ తీసి నీ స్కిన్ ఫోల్డర్‌లో పడేసి మళ్లీ కాపీ చేశా, అప్పుడొచ్చింది అన్నయ్య రాత. నీ దాంట్లోంచి తీసేయడం మర్చిపోయా. తర్వాత నువ్వు కొత్త వెర్షన్ కట్టి పంపావు చూడు, దాంతో అదీ వెళ్లిపోయింది. అక్కడిదాకా పొరపాటే. అసలు తప్పు ఆ తర్వాతది. ఆరు వారాల కిందట ఓ కస్టమర్ లాప్‌టాప్‌లో ఆ రాత చూశా. ఆ రోజే చెబితే నువ్వు వెనక్కి తీసేసేదానివి. నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. నీకు నోటుబుక్కులున్నాయి వదినా. నాకేమున్నాయి? నన్ను ఒరేయ్ అని పిలిచేవాడు అన్నయ్య ఒక్కడే. ఎవరింట్లోనో, ఎవరికో, ఇవాళ ఏ వారమో చెబుతూ తిరుగుతున్నాడులే అనుకున్నా. ఆపబుద్ధి కాలేదు."