చుట్టుకుపోయిన చదరాలు

నేను ఒక పొడుగు అల్లిక సూదిని. గోదారి గట్టు తెగి వీధుల్లో పడవలు తిరిగిన పెద్ద వరద ఏడు పుట్టాను. దడి కొట్టుకుపోగా మిగిలిన వెదురు బద్దే నేను. కొల్లాటి పోతురాజు నన్ను చెక్కి, కొసన కొక్కెం తీసి, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. ఆయన చేపలు పట్టే మనిషి. వరదలో పడవా వలలూ పోయాయి. ఇక ఇల్లు గడవాలంటే భార్య మంగతాయారు లేసు అల్లికే దిక్కు.

ఆ ఏడు లేసుకి గిరాకీ లేదు. నూలు పంచే శేషారత్నం వచ్చి, కంపెనీ వాళ్లిప్పుడు దళసరి అల్లిక అడుగుతున్నారని చెప్పింది. ట్యునీషియా కుట్టు అంటారట. ఆ దేశం ఎటుందో ఆవిడకీ తెలియదు. లేసులో సూది మీద ఒకటో రెండో ఉచ్చులుంటాయి. ఇందులో వరస మొత్తం సూది మీదికి ఎక్కించి, వెనక్కి వస్తూ ఒక్కొక్కటే దింపాలి. అందుకే నాకింత పొడుగు. నేర్చుకోడానికి మూడు కుట్లు, మూడు చదరపు ముక్కలు. బల్ల మీద పరిస్తే బుద్ధిగా పడుకోవాలి. అలా అల్లినవాళ్లకే కంపెనీ పనికి నూలు.

"సన్నంగా చెక్కు మావా. నాకు సన్న సూదే అలవాటు" అంది మంగతాయారు. లేసు అల్లేవాళ్లకి సన్నదనమే గొప్ప. ఆయన మాట్లాడే మనిషి కాదు. చెక్కాడు. నేనూ నా నాజూకు చూసుకుని మురిశాను.

మొదటి ముక్కకే నాకు భయం పట్టుకుంది. వరస అవగానే ఆవిడ చెయ్యి దానంతటదే ముక్కని తిప్పేసేది. చిన్నప్పటి లేసు అలవాటు. ఇందులో తిప్పకూడదు. విప్పేది, మళ్లీ అల్లేది. అంచున చివరి ఉచ్చు మరిచిపోతే ముక్క చాటలా ఒక పక్క సన్నబడేది. అదీ దిద్దుకుంది. బిగింపు మాత్రం పోలేదు. నా మీంచి దించగానే ముక్క కింది అంచు నుంచి చుట్టుకుపోయేది. తడిపి పరిచింది. పైన సన్నికల్లు బరువు పెట్టింది. రాయి తీస్తే మళ్లీ చుట్టే.

పక్కింటి చింతాలు గుమ్మంలో నిలబడి చూసింది.

"చదరం అల్లమంటే చుట్ట అల్లేవేంటే తాయారూ. అగ్గిపెట్టి తెమ్మంటావా?"

"తే. ముందు నీ నోటికే అంటిత్తాను."

ఇద్దరూ నవ్వారు. మంగతాయారు వేళ్ల చెమట నాకు తగులుతూనే ఉంది.

పోతురాజు అరుగు మీంచి చూస్తున్నాడు.

"నువ్వలా చూత్తంటే లెక్క తప్పుతంది మావా. ఎటైనా ఎళ్లు."

ఆయన ముఖం తిప్పుకున్నాడు గానీ లేవలేదు. ఎక్కడికెళ్తాడు, ఏటికా?

మనుషులు చిత్రం. తప్పు చేతిదంటారు, నూలుదంటారు, వేళ బాగాలేదంటారు. సూదిని ఎవరూ అనుమానించరు. ఇంత బక్క ఒంటి మీద అంత నూలు ఊపిరాడక బిగుసుకుంటోందని నాకు తెలుసు. నోరుంటే మాత్రం చెప్పేదాన్నా? చెబితే పొయ్యిలోకే గదా.

సాయంత్రం శేషారత్నం వచ్చి ముక్కలు పరిచింది. మూడూ మెల్లగా చుట్టుకున్నాయి.

"కుట్టు తప్పులేదే తాయారూ. బిగువంతే. ఈ సూదేంటి, చీపురుపుల్లా? చిటికెనేలంత లావుండాల."

"లావుది చేయిత్తాను పిన్నీ."

"రేపు మధ్యాన్నం నూలు పంచేత్తాను. అప్పటికి ఒక్క ముక్క పరుచుకున్నా చాలు. లేదంటే అవతలూరోళ్లకి ఇచ్చేయాల. నా చేతుల్లో లేదమ్మా."

ఆవిడ వెళ్లాక మంగతాయారు నన్ను చూరులో గుచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను, పొగకి నల్లబడి. అక్కడి నుంచి ఇల్లూ వాకిలీ అన్నీ కనబడతాయి.

లావు సూదికి ముదురు వెదురు కావాలి. మిగిలిన దడి బద్దలన్నీ నాలాంటి బక్కవే. ఇంట్లో ముదురు వెదురంటే ఒక్కటే, గోడకి చేరేసిన, పడవ తోసే గెడ. పడవ దొరకలేదు గానీ గెడ మడ చెట్లలో చిక్కుకుని దొరికింది. అదుంటే ఎప్పటికైనా దాని కిందికో పడవ వస్తుందని ఆయన ఆశ. ఎవరితోనూ అనలేదు. నూనె రాసి తుడవడం నేను చూశాను.

మంగతాయారు గెడ వంక చూసి, చూడనట్టు పొయ్యి దగ్గరికి పోయింది. అడగలేదు.

తెల్లారింది. పోతురాజు గెడని వాకిట్లోకి తెచ్చి, అడ్డంగా పడుకోబెట్టి, పాదంతో తొక్కిపట్టి, మొదలు దగ్గర లావుగా ఉన్న చోట రంపం పెట్టాడు.