పంపుహౌస్‌కు పెళ్లిచూపులు

"జాబితాలో మీ పంపుహౌస్ లేదు, కాకా," అంది సుభాషిణి.

మొండయ్య చేతిలోని చాయ్ కప్పు అలాగే ఉండిపోయింది. చాయ్ మాత్రం ఆగలేదు, సగం చొక్కా మీదికి దిగింది.

సుభాషిణి నీళ్ల విభాగంలో కరెంటు ఆదా చూసే ఇంజనీరు. తాత సిరిసిల్ల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చినవాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే, ఇల్లు ఆల్థాన్‌లో. పేరుకు సుభాషిణే గానీ భాషణంలో మహా పొదుపు. కరెంటు వృథా పోనివ్వని మనిషి మాటలు మాత్రం ఎందుకు పోనిస్తుంది?

"ఎందుకు లేదు మేడం?"

"మీ పంపులు బాగున్నాయి. అందుకే."

"బాగున్నయా! ఎవలు చెప్పిన్రు?"

"మీటర్."

బాగున్నాయన్న మాట అంత చేదుగా ఉంటుందని మొండయ్యకు నలభై ఎనిమిదేళ్లలో మొదటిసారి తెలిసింది.

సంగతేమిటంటే, పాత పంపులు మార్చడానికి మునిసిపల్ ఆఫీసు ఒక ఏర్పాటు చేసింది. కంపెనీ ఒకటి తన పెట్టుబడితో కొత్త పంపులు, మోటార్లు బిగిస్తుంది. ఆఫీసు ముందుగా పైసా పెట్టదు. కరెంటు బిల్లు ఎంత తగ్గితే అందులోంచి ఏడేళ్ల పాటు కంపెనీకి వాటా. ఆఫీసుకు ఆదా, కంపెనీకి ఆదాయం. అందుకని వందకు కనీసం ఇరవై వంతుల కరెంటు తగ్గే చోట్లకే ఆ యోగం. ఎంత తగ్గుతుందో తేలాలంటే ముందు ఇప్పుడెంత తింటున్నాయో తెలియాలి కదా. ఆ తిండి కొలవడానికి నెల కిందట వారం పాటు మీటర్లు పెట్టారు. ఉధ్నా వాడలో మొండయ్య నడిపే పంపుహౌస్‌కు తేలిన ఆదా అంకె పన్నెండు.

మొండయ్యకు కావలసింది జాబితాలో పేరు కాదు, గల్లీలో నీరు. బిల్లు మోయలేక రోజూ ఒక్కో గల్లీ సరఫరాను గంట నుంచి నలభై నిమిషాలకు కోశారు. ఆ నలభై నిమిషాల్లో వాడ చివరి గల్లీదాకా వచ్చేది నీరు కాదు, నీరసం. అక్కడ అరవై ఇళ్లు, అన్నీ మగ్గాల మీద బతికేవాళ్లవే, అందులో ఒకటి మొండయ్యది. కొత్త పంపులొస్తే మళ్లీ గంటసేపు, అదీ ధారగా ఇస్తామని ఆఫీసు అంది. ఆ మాటను అరవై గడపలకూ మోసుకెళ్లినవాడు మొండయ్యే. ఇప్పుడు ఆ అరవై గడపలకూ ఏ ముఖం పెట్టుకొని పోవాలి? చాయ్ మరకలున్న చొక్కా అయినా మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోలేడు.

"మేడం," అన్నాడు కప్పు కింద పెట్టి, "తప్పు నాదే. మీటర్లు చూసినయి మా పంపుల్ని గాదు, మా పంపుల పెళ్లిచూపుల్ని."

నిజంగానే పెళ్లిచూపులు. మీటర్లు పెట్టడానికి వస్తున్నామని వారం ముందే ఫోన్ చేశారు, అదే కొంప ముంచింది. పంపుహౌస్‌కు రాకముందు మొండయ్య పన్నెండేళ్లు పవర్‌లూమ్ మిల్లులో ఫిట్టరు. గుడ్డ కొనే పార్టీ మగ్గాలు చూడ్డానికి వస్తోందంటే ముందు రోజే నూనె పోయాలి, దూది దులపాలి, నట్లు బిగించాలి, మగ్గం చుట్టూ నలుగురు నిలబడి తెగబోయే దారాన్ని తెగకముందే పట్టుకోవాలి. పార్టీ ముందు మగ్గం దగ్గితే సేటు పరువు పోతుంది, ఫిట్టరు కొలువు పోతుంది. ఆ భయం మిల్లు మానేసినా మనిషిని మానలేదు. పంపులు కొలిచేవాళ్లు వస్తున్నారనగానే అతని చేతులు మళ్లీ మిల్లులోకి వెళ్లిపోయాయి.

బామ్మర్ది గణపతిని పిలిచాడు. గణపతి ఇప్పటికీ మిల్లు ఫిట్టరే. వారం సెలవు పెట్టి, ఇద్దరు దోస్తులను వెంటేసుకొని దిగాడు. సంపులోంచి నీళ్లు లాగే గొట్టం మూతికి ఇనుప జాలీ ఉంటుంది. దాన్ని రోజుకు ఒకసారి ఎత్తి కడగడం రివాజు. ఆ వారం రోజుకు ఆరుసార్లు కడిగారు. ఆ జాలీకి అంత జాలి ఎన్నడూ దక్కలేదు. కారే చోటల్లా ప్యాకింగ్ తాడు కొత్తది చుట్టారు. సంపు వైపు పదేళ్లుగా బిర్రబిగుసుకున్న వాల్వును నలుగురూ వేలాడి తెరిచారు. మొండయ్య పెండ్లాం భూదేవి వచ్చి మోటార్లకు బొట్లు పెట్టి బంతిపూల దండలు వేసింది. రోజూ రోత పుట్టేలా మోత మోగించే మోటార్లు ఆ వారం కోడలు పిల్లల్లా గుసగుసలాడాయి. కొలిచేవాళ్లు "బహుత్ బఢియా" అంటూ భుజం తట్టిపోతే, మొండయ్య మిఠాయి పంచాడు.

కొలతకని కళ పెడితే కలత వచ్చి పడింది.

అంతా విని సుభాషిణి ఒక్కటే ప్రశ్న వేసింది. "వారం చేసింది రోజూ ఎందుకు చేయరు? చేస్తే కొత్త పంపులే అక్కర్లేదు కదా."

ఇది సూది లాంటి ప్రశ్న. మొండయ్య తడుముకోలేదు.

"ఆ వారం మేం నలుగురం మేడం. రోజూ ఉండేది నేనొక్కన్నే. జాలీ ఎత్తాల్నంటే పంపు ఆపాలె, ఒక్కన్నే ఎత్తి కడిగేసరికి గల్లీ నలభై నిమిషాల్ల పది పోతయి. షాఫ్టు అరిగిపోయింది, కొత్త ప్యాకింగ్ నాలుగు రోజులకే చినుగుతది. గణపతి సెలవు అయిపోయింది, వాని జీతం గూడ కోసిన్రు. పండుగకు ఇల్లు అలికినట్టు దినాం అలుకుడు ఎవలతోనైతది?"

సుభాషిణి పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"మళ్లీ కొలవాలంటే ఒకటే దారి. ఆ వారం పంపులు రోజూ నడిపినట్టు నడపలేదని నడిపినవాళ్లే రాసివ్వాలి. రాసిస్తే మీకు మెమో వస్తుంది. మార్చిలో మీ కాంట్రాక్టు మళ్లీ రాయాలి. ఆ మెమో అప్పుడు ఫైల్లోనే ఉంటుంది."

"రాసుకోండ్రి."

"ఆలోచించుకోండి కాకా."

"ఆలోచన ఆఫీసుల ఉన్నోళ్లకు మేడం. నాకు అర్జీ చాలు. నాకు గుజరాతీ రాయరాదు. నేను చెప్తా, మీరు రాయుండ్రి. ఉన్నదున్నట్టు."

అతను చెప్పాడు, ఆమె రాసింది. బంతిపూల సంగతి కూడా చెప్పబోతే "అది వద్దు" అంది. మొండయ్య తెలుగులో సంతకం పెట్టాడు, పేరు మొత్తం, ఒక్క అక్షరం పొదుపు చేయకుండా.

ఇంటికి వెళ్లి చెప్పేసరికి భూదేవి బిందెలు వరసగా పెడుతోంది.

"అంటే నేను పెట్టిన బొట్టే అడ్డమొచ్చిందంటవా?"

"నీ బొట్టు గాదే, నా బుద్ధి."

"మార్చిల నౌకరి పోతే?"

"మళ్ల మిల్లుకు పోత. చేతులున్నయి గదా."

"చేతులు ఉన్నయి గనకనే గీ తిప్పలు," అంది భూదేవి. "ఊకె ఉండయి, ఏదో ఒకటి తుడుస్తనే ఉంటయి." అన్నదే గానీ, అర్జీ వెనక్కి తెమ్మని మాత్రం అనలేదు. చివరి గల్లీ ఆడదానికి నీళ్ల విలువ ఎవరూ కొలిచి చెప్పక్కర్లేదు.

ఆరో రోజు పొద్దున్నే, ఫోనూ గీనూ లేకుండా, జీపు వచ్చి పంపుహౌస్ ముందు ఆగింది. సుభాషిణి దిగింది, వెనకే మీటర్ల పెట్టెతో పద్మారాణి అనే టెక్నీషియన్.

"మూడు రోజులు," అంది సుభాషిణి. "రోజూ ఎలా నడుపుతారో అలా."

ప్రపంచంలో కష్టమైన పని ఏదని ఎవరైనా అడిగితే మొండయ్య ఇప్పుడు ఠక్కున చెబుతాడు: చేయగలిగిన పని చేయకుండా కూర్చోవడం. మొదటి పంపు ప్యాకింగ్ దగ్గర నీళ్లు పిచికారీ కొడుతున్నాయి. రెండోది దగ్గుతోంది. మూడోది వణుకుతోంది. ప్రెషర్ ముల్లు కిందికి జారుతుంటే అతని ప్రాణం పైకి లేస్తోంది. రెంచి బల్ల మీదే ఉంది. చెయ్యి అటు పోతుంది, మొండయ్య దాన్ని ఇటు లాక్కుంటాడు. చివరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు.

"చలిగా ఉందా కాకా?" అంది పద్మారాణి.

"దురద బిడ్డా. రెంచి దురద."

రివాజు ప్రకారం జాలీ రోజుకు ఒకసారి కడగాలి. ఆ ఒక్కసారీ కడిగాడు. రెండోసారి కడగలేదు. కడగకుండా ఎగ్గొట్టనూ లేదు. మొండితనమంటే మీద పడి చేయడమే అనుకునేవాడు ఇన్నాళ్లూ. గీత మీద నిలబడి అటూ ఇటూ కదలకపోవడం కూడా మొండితనమేనని ఆ మూడు రోజుల్లో తెలిసింది.

రెండో రోజు మధ్యాహ్నం మిల్లులో అన్నం వేళకు గణపతి పరిగెత్తుకొచ్చాడు. పద్మారాణి బయట చాయ్ తాగుతున్న సమయం చూసి బావ చెవి దగ్గరికి వంగాడు.

"బావా, ఎంతొచ్చేటట్టుంది?"

"నాకేమెరుక. మీటరు నాతోని మాట్లాడదు."

"ఇరవై రాకపోతే?"

ఆ ప్రశ్న మొండయ్యను మూడు పూటలుగా కొరుకుతూనే ఉంది.

"గల్లీలకు పోయే గొట్టం మీది గా వాల్వు జర తిప్పు బావా. సగం మూస్తే చాలు. నీళ్లు తగ్గుతయి, కరెంటు గంతే తింటది. అంకె ముప్పై దాటుతది. ఎవలు జూస్తరు?"

వాల్వు చక్రం చేతికందేంత దూరంలో ఉంది. చివరి గల్లీ ఆ చక్రానికి అవతలే ఉంది. మొండయ్య దాన్ని చూశాడు, గణపతిని చూశాడు.

"తక్కువ జేసి ఒకసారి మునిగిన. ఇప్పుడు ఎక్కువ జేసి మునగాల్నా? రేపు కొత్త పంపులొచ్చినంక నువ్వు చెప్పిన ముప్పై యాడికెల్లి తగ్గుతది? తగ్గకపోతే కంపెనీ ఊకుంటదా? పంపులు ఊడబీక్కపోతది."

"గప్పటి సంగతి గప్పుడు..."

"గప్పుడు గూడ గీ గల్లీల ఉండేది మనమే రా. అన్నం తిని డ్యూటీకి పో."

గణపతి గొణుక్కుంటూ పోయాడు. అతను గేటు దాటాడో లేదో మొండయ్య బయటికి నడిచి పద్మారాణి ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, నీ పెట్టెల సీలు తీగ ఉందా? గా వాల్వు చక్రానికి ఒక సీలు వెయ్యి."

"ఎవరైనా తిప్పుతారని అనుమానమా కాకా?"

"ఉంది."

"ఎవరి మీద?"

"నా మీద."

పద్మారాణి నవ్వలేదు. తీగ చుట్టి, సీలు నొక్కి, టైం రాసుకుంది. అప్పుడు గానీ మొండయ్యకు అన్నం సహించలేదు.

మూడో రోజు సాయంత్రం మీటర్లు విప్పుకొని పోయారు. మళ్లీ వారం గడిచాక ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మొండయ్య ఉతికిన చొక్కా వేసుకొని, ఈసారి చాయ్ వద్దని చెప్పి కూర్చున్నాడు. సుభాషిణి బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి మెమో. రెండోదాన్ని ఆమె తనే చదివింది.

"ఇరవై నాలుగు. కమిటీ ఒప్పుకుంది. మీ పంపుహౌస్ జాబితాలో ఉంది."

మొండయ్య మెమో తీసుకొని, ఎక్కడ సంతకం పెట్టాలో అడిగి, పెట్టి, తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఉద్యోగానికి ఎసరు పెట్టే కాగితాన్ని అంత తృప్తిగా మడతపెట్టిన మనిషిని సుభాషిణి చూసి ఉండదు.

లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"మేడం, ఒక మాట. పంపులు బాగున్నయని ఇంకెన్ని చోట్ల తీసేసిన్రు?"

"నాలుగు."

"గా నాలుగు జాగలకు గూడ మీరు వారం ముందు ఫోన్ జేసిన్రా?"

"చేశాం," అంది సుభాషిణి, పెన్ను మూత పెట్టేసి.

"కతర్‌గామ్ పంపుహౌస్‌ల రవీంద్ర భాయ్ నాకు ఎరుకే. మీరొస్తున్నరని మోటార్లకు రంగు గూడ ఏసిండు. సొంత పైసలతోని. మీటరు తీసుకపోయినంక నాకు ఫోటో పంపిండు, జూడుండ్రి." మొండయ్య ఫోన్ ముందుకు తోశాడు. పచ్చగా మెరిసే మూడు మోటార్లు, పక్కన ఛాతీ విరుచుకున్న రవీంద్ర. "ఆయన సంతకం పెట్టనీకి భయపడ్తడు. ఆరుగురు తినే ఇల్లు. నేను పక్కన కూసుంటే పెడ్తడు. పెట్టకపోతే పెట్టేదాక కూసుంటా."

సుభాషిణి ఫోటో చూసింది. తర్వాత ఫైలు మూసి, జీపు తాళాలు తీసుకుంది. పొదుపు మనిషి కదా, రెండే మాటలు అంది.

"చలో, కాకా."

మొండయ్య ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు. జీపు కతర్‌గామ్ దారి పట్టింది.