సలోమి చెంబు

నేను ఒక ఇత్తడి కప్పును. టీ తాగే కప్పును కాదు, గెలిచినవాళ్ళు నెత్తిన పెట్టుకుని ఊరేగే రకం. మూరెడు ఎత్తు, రెండు చెవులు, కింద నల్ల చెక్క పీట. దూరం నుంచి చూసినవాళ్ళు బంగారం అనుకుంటారు. దగ్గరికొచ్చి చూసేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవాలని నాకూ ఉంటుంది. కానీ సికింద్రాబాద్‌లో ఇంజన్‌షెడ్ బస్తీలో పుట్టినదానికి గొప్పలెక్కడివి? ఆ ఏడు బస్తీ ఫుట్‌బాల్ జట్టు నగర టోర్నమెంట్ గెలిచింది. నిర్వాహకులు మైకులో తెగ పొగిడి, దండలు వేసి, కప్పు మాత్రం వచ్చే వారం ఇస్తామన్నారు. ఆ వారం ఇంతవరకూ రాలేదు. చూసి చూసి బస్తీ ఆడవాళ్ళకు ఒళ్ళు మండింది. ఇంటికో ఇత్తడి సామాను తెచ్చి పోతపనివాడి ముందు కుప్ప పోశారు. చొట్టపోయిన గంగాళం, మూతలేని మరచెంబు, ఎవరి అత్తగారిదో తాంబూలం ఉమ్మే తమ్మపడిగ కూడా. అవును, నాలో తమ్మపడిగ ఉంది. నన్ను ముద్దు పెట్టుకుని ఫొటోలు దిగిన పెద్దమనుషులకు ఆ సంగతి తెలియకపోవడం నాకు ఎప్పుడూ ఒక ఆనందమే.

మైదానం గేటు దగ్గర మిర్చి బజ్జీలు వేసే సలోమి తన పెళ్ళినాటి చెంబు ఇచ్చింది. పోత పోశాక నన్ను చేతిలోకి తీసుకుని, ఎడమ చెవిని గోటితో మీటి, ఆ మోత విని, "గిది నా చెంబు" అంది.

"అన్నీ కలిసి కరిగినయక్కా, ఎవలది ఎక్కడున్నదో నాకే ఎరుకలే" అన్నాడు పోతపనివాడు.

"నీకెందుకు ఎరుకుంటది? నీళ్ళు తాగింది నేను. దాని మోత నాకెరుక."

అప్పటినుంచి నేను ఎక్కడ కనబడినా అదే తంతు. ఎడమ చెవిని మీటడం, అదే మాట అనడం. నాకు చిరాకుగా ఉండేది. ఇంత ఊరేగింపులో మెరిసిపోతుంటే ఈమె వచ్చి నన్ను చెంబుని చేస్తుందేమిటి అని.

కొన్నేళ్ళకు దేశమంతటికీ ఒక పెద్ద లీగ్ వచ్చింది. మా జట్టును చక్రపాణి అనే బిల్డరు కొన్నాడు. మైదానానికి కుర్చీలొచ్చాయి, దీపాలొచ్చాయి, నాకు ఆఫీసులో అద్దాల బీరువా వచ్చింది. గేటు వైపు కిటికీ పక్కనే కాబట్టి సలోమి బజ్జీల బండి కూడా నాకు కనబడుతూనే ఉండేది. మొదటి ఏడు చక్రపాణి జాగ్రత్తగా ఖర్చు పెట్టాడు. జట్టు మధ్యలో ఎక్కడో నిలిచింది. అంతే, ఇదే బస్తీ జనం గేటు ముందు అతని బొమ్మ తగలబెట్టారు. "పైసలు తియ్యనోనికి టీమెందుకు?" అని అరిచారు. అతను తీశాడు. విదేశాలనుంచి నలుగురిని కొనితెచ్చాడు. అప్పుడు అతని బొమ్మకు పాలాభిషేకం చేశారు. తగలబెట్టినవాళ్ళే పాలు పోశారు. నేను చూశాను.

ఇక రూలు సంగతి. లీగ్‌లో ఒక రూలుంది. మూడేళ్ళలో క్లబ్బు నష్టం ఒక హద్దు దాటకూడదు. యజమాని ఎంత డబ్బున్నవాడైనా జేబులోంచి తీసి పోస్తే అది ఆదాయం కిందికి రాదు. హద్దు దాటితే పాయింట్లు కోస్తారు. రూలు పెట్టిన కారణం మంచిదే. వెనకటికి ఒక ఊళ్ళో ఒకడు డబ్బు గుమ్మరించి, మోజు తీరాక వదిలేసి పోతే ఆటగాళ్ళు జీతాల్లేక రోడ్డున పడ్డారట. వంటింట్లో కత్తి కూడా మంచి కారణానికే ఉంటుంది.

మూడో ఏడు మార్చి నెల మొదట్లో లెక్కలు చూసే నాగభూషణం నా బీరువా ముందు కూర్చుని చక్రపాణికి విషయం చెప్పాడు. "సార్, నెలాఖరుకు లెక్క మూయాలి. అన్నీ పోను ఇంకా ముప్పై లక్షలు హద్దు దాటి ఉన్నాం. ఎవరో ఒకర్ని అమ్మాలి."

"ఆ నలుగురిలో ఒకణ్ణి అమ్మెయ్యి."

"వాళ్ళని అమ్మితే లాభం రాదు సార్. ఒక్కొక్కణ్ణి నాలుగు కోట్లకు నాలుగేళ్ళ ఒప్పందం మీద తెచ్చాం. రెండేళ్ళయింది, ఏడాదికో కోటి తగ్గించగా లెక్కల పుస్తకంలో ఇంకా రెండు కోట్ల విలువుంది. రెండుకు అమ్మితే లెక్కలో సున్నా. అదే మన ప్రభుదాసు అనుకోండి, బస్తీ కుర్రాడు. కొన్నది కాదు కదా. ఎంతకమ్మితే అంతా లాభమే."

ఎంత చక్కటి లెక్క! బయటినుంచి తెచ్చినవాడికి ఖరీదుంది, ఇంట్లో పెరిగినవాడికి లేదు. అందుకని అమ్మడానికి ఇంట్లోవాడే మేలు. ప్రభుదాసు ఆ మైదానం దుమ్ములోనే ఆట నేర్చాడు. తల్లి లేని పిల్లవాడు, సలోమి బండి దగ్గర బజ్జీలు తిని పెరిగి, ఆ ఏడు జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. అతను బంతి అందుకుంటే గ్యాలరీ మొత్తం ఒక్క మనిషిలా లేచేది. పుస్తకంలో అతని విలువ సున్నా.

మాట బయటికి పొక్కింది. మర్నాడు పొద్దున్నే సలోమి ఆఫీసులోకి వచ్చింది, చేతికి శనగపిండి అలాగే ఉంది.

"సారూ, ముప్పై లచ్చలు మేమిస్తం. పోరన్ని అమ్మకు."

నాగభూషణం నవ్వాడు. "విరాళం లెక్కలోకి రాదమ్మా. టికెట్లు కొంటే వస్తుంది."

ఆమె నిలబడి ఆలోచించింది. నేను ఆ ఆలోచన ఆమె మొహంలో పుట్టడం చూశాను. దాన్ని అక్కడే ఎవరైనా గొంతు పిసికి ఉంటే ఎంత బాగుండేది. సలోమి భర్త దేవసహాయం ఈ క్లబ్బు పెట్టినవాళ్ళలో ఒకడు. అతను పోయాక కూడా ఆమె ప్రతి మ్యాచ్‌కూ రెండు టికెట్లు కొంటుంది. ఒకటి తనకు, ఒకటి ఆయన పేర. ఆయన కుర్చీలో ఆయన టోపీ పెట్టి పక్కన కూర్చుంటుంది. గేటువాళ్ళకు అలవాటైపోయింది.

"గ్యాలరీ సగం ఖాళీగుంటది గదా" అంది. "మా ఇండ్లల్ల సచ్చిపోయినోళ్ళకు గూడ కొంటం. ఆళ్ళకు మాత్రం ఆట సూడాలని ఉండదా?"

చక్రపాణి బల్ల గుద్ది మెచ్చుకున్నాడు. నన్ను బీరువాలోంచి తీయించి సలోమి చేతికిచ్చి, ఆ దృశ్యం వీడియో కూడా తీయించాడు. ఆమె ముందు నా ఎడమ చెవిని మీటింది. తర్వాత నన్ను చంకనెత్తుకుని గల్లీ గల్లీ తిరిగింది. నాలో పడిన డబ్బు గురించి నేను వేళాకోళం ఆడలేను, ఎంత చెడ్డదాన్నయినా. చీటీ పాట డబ్బులు, చెవిదుద్దులు తాకట్టు పెట్టిన డబ్బులు, ఒక ముసలాయన పళ్ళు కట్టించుకుందామని దాచుకున్నవి. టికెట్టు మీద పేరు రాయాలి కాబట్టి తండ్రుల పేర్లు, అవ్వల పేర్లు, పురిట్లోనే పోతే పేరు పెట్టని ఒక బిడ్డకు అప్పటికప్పుడు పెట్టిన పేరు. ఆ నెల మిగిలిన మ్యాచ్‌లన్నిటికీ టికెట్లు అయిపోయాయి. కుర్చీల్లో మనుషులకు బదులు టోపీలు, కళ్ళజోళ్ళు, మడతపెట్టిన తువ్వాళ్ళు. ముప్పై లక్షలూ పూడాయి. ప్రభుదాసు మిగిలాడు. ఆ రాత్రి బస్తీలో డప్పులు మోగాయి.

అదే వారంలో నన్ను కూడా అమ్మారని మీకు చెప్పనే లేదు. చక్రపాణి బావమరిది హోటల్ కంపెనీ నన్ను యాభై లక్షలకు కొన్నది. నేను బీరువాలోంచి అంగుళం కదల్లేదు. కాగితం కదిలింది. ఆ యాభై లక్షలు ముందే ఆదాయంలో కలిపి చూసుకున్నాకే నాగభూషణం ముప్పై తక్కువన్నాడు. ఒక విలువకట్టేవాడు వచ్చి, నన్ను తాకనైనా తాకకుండా, చారిత్రక వస్తువని ధ్రువపత్రం రాసిచ్చాడు. తమ్మపడిగతో సహా.

ఏప్రిల్‌లో లీగ్ కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు. లెక్కల్లో గ్యాలరీ నిండింది, టీవీలో చూస్తే ఖాళీగా ఉంది, ఇదేమిటని. నా గురించి అడిగారు. ధ్రువపత్రం చూశారు, ముద్ర ఉంది, సరే అన్నారు. తర్వాత సలోమిని పిలిపించారు.

"దేవసహాయం అనే ఆయన మ్యాచ్‌కి వచ్చాడా అమ్మా?"

"వచ్చిండు సారూ. అంటే, ఆయన పోయి ఆరేండ్లాయె."

"మరి టికెట్టు ఎవరు కొన్నారు?"

"నేనే."

"ఇలాంటివి బస్తీలో ఇంకా ఎన్ని కొన్నారు?"

"శాన కొన్నం." ఆమె గర్వంగా చెప్పింది. "ఇంటింటికి నేనే తిరిగిన."

"బజ్జీల మీద నీకు రోజుకి ఎంతొస్తుంది?"

చెప్పింది. వాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత పేదవాళ్ళు ఇంత డబ్బు సొంతంగా పెట్టరని, యజమానే వీళ్ళ చేతుల్లో పెట్టి కొనిపించాడని తీర్మానించారు. చక్రపాణిని అడిగితే చేతులెత్తేశాడు. "నాకేం తెలుసండీ, వాళ్ళ పిచ్చి అభిమానం వాళ్ళది." ఆ పుస్తకాల మొత్తంలో నిజమైన డబ్బు ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్నే దొంగడబ్బని కొట్టేశారు. ఆరు పాయింట్లు కోశారు. హద్దు దాటిన ముప్పై లక్షలు వెంటనే పూడ్చమన్నారు. టికెట్ల డబ్బు వాపసు ఇమ్మని మాత్రం ఎవరూ అనలేదు. అమ్మిన టికెట్టు వాపసు తీసుకోబడదని దాని వెనకాలే ఉంది కదా.

ఆరు పాయింట్లు పోయాక జట్టు అడుగుకు చేరి రెండో డివిజన్‌కు దిగిపోయింది. ప్రభుదాసును బెంగళూరు జట్టుకు అమ్మేశారు. వెళ్ళేముందు అతను బండి దగ్గరికి వచ్చాడు గానీ, అప్పటికి బండి లేదు. ముందురోజే తన్ని పడేశారు. కిటికీలోంచి అంతా కనబడింది. పొయ్యి ఒక పక్క, మూకుడు ఒక పక్క, నూనె కాలవలా పారింది. తన్నినవాడు ఎవడో బయటివాడైతే బాగుండేది. పళ్ళు కట్టించుకోని ముసలాయన కొడుకు వాడు.

"ముంచితివి గదనే ముసల్దానా! నోరు మూస్కుంటె ఏమైతుండె?"

"అబద్ధమెట్ల జెప్పాల్రా? మీ తాత పేరు మీద టికెట్టు రాపిచ్చింది నువ్వు గాదా?" అని మాత్రం అంది. వాడు శనగపిండి డబ్బా కూడా తన్నాడు. నాకు చేతులు లేవు. ఉన్నా నేను కదిలేదాన్ని కాదేమో, నాకు ఆ అలవాటు లేదు. కానీ సిగ్గేసింది, అది మాత్రం నిజం.

వానాకాలంలో హోటల్ వ్యాను వచ్చి నన్ను పట్టుకుపోయింది. ఇత్తడి యాభై లక్షలంటే ఎవరైనా నవ్వుతారని బావమరిదికి అనుమానం వచ్చి నాకు బంగారు పూత వేయించాడు. పీట మీది బస్తీ పేరు గీకించేశాడు. ఇన్నాళ్ళూ నేను కలగన్నది ఇదే కదా, ఇప్పుడు దగ్గరికొచ్చి చూసినా బంగారమే. హోటల్ హాల్లో దీపం కింద కూర్చోబెట్టారు. ఎవరూ మీటరు, ఎవరూ ముట్టుకోరు.

ఏడాది తర్వాత బెంగళూరు జట్టు ఏదో కప్పు పోటీలో మా మైదానంలోనే ఆడడానికి వచ్చి ఆ హోటల్లో దిగింది. గ్యాలరీ ప్రభుదాసును తల్లిని కలిపి తిట్టిందట, నీళ్ళ సీసాలు విసిరిందట, అతను రెండు గోల్స్ కొట్టాడట. హాల్లో ఆటగాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. మర్నాడు పొద్దున అతను సలోమిని తీసుకొచ్చాడు. ఆమె ఇప్పుడు ఎవరింట్లోనో వంట చేస్తుందట. బాగా చిక్కిపోయింది.

"అత్తా, గిటు రా. నీ చెంబు ఈడుంది" అని నా ముందుకు తెచ్చి, మేనేజరును పిలిచాడు. "దీన్ని ఎంతకిస్తరు? నేను కొంట."

"యాభై లక్షలకు కొన్నాం సార్. తక్కువకిస్తే పుస్తకంలో నష్టం చూపాలి, కుదరదు."

ప్రభుదాసు మొహం పాలిపోయింది. లోపల లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. అతను ఒప్పుకునేలోపే సలోమి చెయ్యి చాచి నా ఎడమ చెవిని గోటితో మీటింది. నేను మోగాను. పూత కింద నేను నేనే. ఆ మోత ఆమెకు తెలియకుండా ఉండదు. తన చెవి దగ్గరగా పెట్టి విన్నది కూడా.

"నాది గాదు బిడ్డా" అంది. "ఇది బంగారమాయె. నా చెంబు ఇత్తడిది."

అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. మేనేజరు జేబురుమాలు తీసి, ఆమె గోరు తగిలిన చోట తుడిచాడు.