అనంతపురంలో బురద టైరు

నేను ఒక టైరును. మీ స్కూటరుకో, మీ వీధి ఆటోకో వేసే రకం కాదు. మట్టి ట్రాకు మీద గంతులు వేసే రేసు బండికి వెనక బిగించే బటన్ టైరును. అందులోనూ బురద టైరును. నా ఒంటి మీది బటన్లు ఒక్కొక్కటి బొటనవేలంత ఎత్తు. వాటి మధ్య రెండేసి వేళ్ళు దూరేంత ఎడం. చక్రం తిరిగేటప్పుడు ఆ ఎడంలో ఇరుక్కున్న బురద దానంతట అదే విదిలిపోవాలని నన్ను అట్లా పోతపోశారు. పోతపోసి, పసుపు చీటీ అంటించి, అనంతపురం పంపించారు.

నాతోపాటు అదే రోజు అచ్చులోంచి లేచినవాళ్ళు ఇరవై ముగ్గురు. అందరూ కేరళకో, కొడగుకో వెళ్ళారు. నేనొక్కదాన్నే ఇటు రావడానికి కారణం కుళ్ళాయప్ప. ఆయనది కళ్యాణదుర్గం రోడ్డులో టైర్ల అంగడి. నిజానికి అంగడి నడిపేది ఆయన భార్య సుంకమ్మ. ఆయన రేసులకు వెళ్ళి ఓడిపోయి వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం ఫోనులో నా ఫోటో చూసి మనసు పారేసుకున్నాడట.

నేను వచ్చిన రోజు సంచి విప్పి, నన్ను ఎత్తి చూపించాడు.

"బటన్లు సూడు సుంకీ, పులిగోళ్ళ మాదిరి ఎట్లుండాయో! నేలను పట్టుకుంటే ఇంక ఇడ్సదు."

సుంకమ్మ ఆయన మేనమామ కూతురే. చేస్తున్న పంచరు పని ఆపకుండానే నా వైపు చూసింది.

"ఇది బురద మడిలో దిగే టైరు బావా. మనకాడ మడి యాడుండాది? తాగేదానికే నీళ్ళు ల్యాకపోతే!"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. గట్టి నేలకు బటన్లు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉండాలి, రబ్బరు మెత్తగా ఉండాలి. మెత్తటి నేలకు పొడుగు బటన్లు, గట్టి రబ్బరు. రెండూ కాని నేలకు మధ్యరకం. టైరు సంగతి ఇంతే. కానీ నేను చూసిన మగ రేసుగాళ్ళలో నేలను చూసి టైరు ఎంచుకున్నవాడు ఒక్కడూ లేడు. ఒకడు పోయినసారి గెలిచినవాడి టైరు చూసి అదే వేయించేవాడు. ఇంకొకడు శుక్రవారం మధ్యరకం అచ్చిరాదనేవాడు. కుళ్ళాయప్ప పద్ధతి మరీ సులువు. భార్య ఏది చెబితే అది కాకుండా ఇంకొకటి వేసుకునేవాడు.

సుంకమ్మకు మాత్రం ఒక విద్య ఉంది. ట్రాకు దగ్గరికి వెళ్ళి, మడమతో నేలను తవ్వి, చిటికెడు మట్టి నోట్లో వేసుకునేది. కళ్ళు మూసుకుని నమిలి, ఉమ్మేసి, ఏ టైరు వేయాలో చెప్పేది. అది వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆయన ఊరూరా తిరిగి బోర్లకు చోటు చూపించేవాడు. ఆయన చూపించిన చోట నీళ్ళు పడిన దాఖలా లేదు గానీ, కింద ఏ మట్టి ఉందో మాత్రం ఎన్నడూ తప్పు చెప్పలేదట.

ఈ విద్యతో ఒక చిక్కు వచ్చింది. రేసుకు వచ్చిన ఆడవాళ్ళు ఆమె మట్టి తినడం చూశారు. ఇంకేముంది, కడుపుతో ఉందని ఊరంతా అనుకుంది. ఒకామె చింతకాయలు తెచ్చింది. ఇంకొకామె గాజులు తెచ్చి బలవంతంగా తొడిగింది. "కాదక్కా, టైరు కోసరం తిన్యా" అని సుంకమ్మ చెప్పినప్పుడల్లా వాళ్ళు సిగ్గుపడుతోందని నవ్వుకునేవారు. మూడేళ్ళలో పన్నెండు రేసులు జరిగాయి. ఊరి లెక్కలో సుంకమ్మ ఆ మూడేళ్ళూ నెల తప్పే ఉంది.

నా మొదటి రేసు కూడేరు దగ్గర, బండరాళ్ళ మధ్య జరిగింది. నా పొడుగు బటన్లు ఆ నేల మీద నిలవలేక అటూ ఇటూ వంగిపోయాయి. మొదటి మలుపులోనే కుళ్ళాయప్పను తుమ్మ కంపలో పడేశాను. సుంకమ్మ ఆయన ఒంట్లోంచి ముళ్ళు తీసింది. ఆయనే అన్నాడు, "హ్యాండిలు సరిగ్గా ల్యాదు" అని.

తరవాత మూడేళ్ళు నేను అంగట్లో మూలన పడి ఉన్నాను. పైన రబ్బరు వాసన, కింద దుమ్ము. ఒక తెల్ల పిల్లి నాలో రెండుసార్లు ఈనింది. ఈలోగా కుళ్ళాయప్ప రకరకాల టైర్లతో వెళ్ళి ప్రతిసారీ ఆఖర్న వచ్చాడు. నేను వచ్చాక మొత్తం పన్నెండు రేసులు, పన్నెండు ఆఖరు స్థానాలు. చివరికి ఆయనకే విసుగొచ్చింది.

"ఈసారి గూడా ఆఖర్న వస్తే బండి ఇప్పేస్తా సుంకీ. ఇంజను తీసి చెనక్కాయలు వలిచే మిషన్‌కు బిగిస్తా. ఒట్టు."

సుంకమ్మ ముఖం చిన్నబోయింది. రేసు మానేస్తే ఆమెకు పని తగ్గుతుంది, నిజమే. కానీ బండెక్కిన పూట ఆయన ముఖంలో వచ్చే వెలుగు మిషన్ పక్కన కూర్చుంటే రాదని ఆమెకు తెలుసు. ఆ మాట ఆయనతో కాకుండా, చక్రం విప్పుతూ తనలో తాను గొణుక్కుంది. మూలన ఉన్న నాకు వినబడింది.

పదమూడో రేసు మే నెలలో, మా అంగడికి అర కిలోమీటరు దూరంలో ఉన్న గుండ్లపల్లి బీడులో పెట్టారు. పొద్దున ఏడింటికి సుంకమ్మ మట్టి రుచి చూసి, "గట్టి నేల. పొట్టి బటన్లు" అంది. విచిత్రంగా కుళ్ళాయప్ప సరేనన్నాడు. ఒట్టు పెట్టుకున్న మనిషి కదా, భయమేసింది. పొట్టి బటన్ల టైరు వేసుకుని ధైర్యంగా వెళ్ళాడు. నేను అంగట్లోనే ఉన్నాను, అక్కడ జరిగింది తరవాత విన్నాను.

తొమ్మిదింటికి పోటీల కమిటీ చైర్మన్ తెల్లటి చొక్కా, తెల్లటి పంచె, తెల్లటి చెప్పులతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఒకసారి తుమ్మాడు. దుమ్ము లేవకుండా చూడమన్నాడు. కమిటీవాళ్ళు హడావుడిగా ఆయనవే పదకొండు నీళ్ళ ట్యాంకర్లు తెప్పించారు.

గుండ్లపల్లికి నీళ్ళ ట్యాంకరు వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. ఒకటి కాదు, పదకొండు ట్యాంకర్లు వరసగా పోతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వెనకే పరుగెత్తారు. ట్యాంకర్లు ఎక్కడ ఆగితే అక్కడ బిందెలు వరసలో పెట్టారు. అవి ఆగింది రేసు మొదలయ్యే గీత దగ్గర. తొమ్మిది రేసు బళ్ళు, వాటి ముందు నలభై బిందెలు.

"అమ్మా, బిందెలు తీయండి. ఇది ట్రాకు!" అని మైకులో అరిచారు.

"ట్రాకో గీకో, వరస వరసే" అంది వన్నూరమ్మ. అరవై దాటిన ముసలామె, మొదటి బిందె ఆమెదే. "నా ముందర ఎవురన్నా దూరితే ఊరుకోను."

బళ్ళవాళ్ళు కూడా నీళ్ళ కోసమే వరసలో ఉన్నారని ఆమె అనుకుంది. ఇంతలో వాళ్ళ కళ్ళముందే ట్యాంకర్ల గొట్టాలు తెరుచుకున్నాయి. నీళ్ళు నేల మీద పారాయి. ఆడవాళ్ళు తిట్టిన తిట్లు నేను చెప్పను. పదో ట్యాంకరు ఖాళీ అయ్యేటప్పటికి వన్నూరమ్మ వెళ్ళి పదకొండోదాని చక్రం ముందు కూర్చుంది. దాన్ని మాత్రం బిందెలకు వదిలారు.

బీడంతా మడి అయింది. సుంకమ్మ పరుగున వెళ్ళి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. నమలకుండానే వెనక్కి తిరిగి అంగడికి ఉరికింది. నాలోంచి పిల్లికూనల్ని తీసి బుట్టలో పెట్టి, నన్ను భుజాన వేసుకుని వచ్చింది.

కుళ్ళాయప్ప నన్ను గుర్తుపట్టి అడుగు వెనక్కి వేశాడు.

"తుమ్మకంపలో పడేసింది ఇదే గదా! పొద్దున పొట్టివి అంటివి, ఇప్పుడు ఇది అంటావు. ఏదో ఒగటి సెప్పు!"

"పొద్దున నేల వేరే, ఇప్పుడు నేల వేరే. నన్ను నమ్మొద్దు బావా. నువ్వే తిని సూడు."

చుట్టూ జనం. కుళ్ళాయప్ప అటూ ఇటూ చూసి, వంగి, ఇంత బురద తీసి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పగా ఉండాది."

"అది నీ చెమట. ఇంగా నములు."

ఆయన మళ్ళీ నమిలాడు. ముఖం మారింది. "జారతాంది," అన్నాడు నెమ్మదిగా. "నాలిక మీదనే నిలవల్యాదు సుంకీ." ఆయన అన్న తీరు చూస్తే, పదకొండేళ్ళ కాపురంలో మొదటిసారి భార్య మాట చెవిలో పడినట్టుంది. జనంలోంచి ఎవరో "నీకెన్నో నెల కుళ్ళాయప్పా?" అని అరిచారు. ఆయన పట్టించుకోలేదు. సుంకమ్మ పదకొండు నిమిషాల్లో నన్ను బిగించి పన్నెండు పాయింట్ల గాలి పట్టింది.

జెండా ఊపారు. మిగతావాళ్ళ పొట్టి బటన్ల మధ్య బురద కూరుకుపోయి ఆ టైర్లు నున్నటి గుమ్మడికాయల్లా అయ్యాయి. ఉన్నచోటే తిరిగాయి. నేను మాత్రం పట్టుకున్నాను, విదిలించాను, మళ్ళీ పట్టుకున్నాను. నాకు అప్పటికి మూడేళ్ళ నాలుగు నెలల వయసు. పుట్టిన పని మొదటిసారి చేస్తున్నాను. మూడో రౌండుకు ఏడు బళ్ళు బురదలో దిగబడి ఆరిపోయాయి. కుళ్ళాయప్ప ముందు, చాలా దూరంలో బళ్ళారి నుంచి మధ్యరకం టైరుతో వచ్చిన ఒక రేసుగాడు వెనక. అంతే.

కానీ అది అనంతపురం ఎండ. అయిదో రౌండుకు నేల బిగిసింది. ఆరో రౌండుకు పెచ్చులు కట్టింది. నా బటన్లు కాగి, వంగి, ఒక్కొక్కటే తెగి ఎగిరిపోవడం మొదలుపెట్టాయి. ఒకటి వెళ్ళి చైర్మన్ గారి మజ్జిగ గ్లాసులో పడింది. సుంకమ్మ వన్నూరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా, ఒక్క బిందె! ఆ మలుపులో పోస్తే మా ఆయన గెలుస్తాడు."

వన్నూరమ్మ నిండు బిందెను రెండు చేతులా కావలించుకుంది. "నీ మొగుడు గెలిస్తే మా ఇంట్లో బువ్వ ఉడుకుతాదా?"

సుంకమ్మ బిందె వైపు చూసింది, ముసలామె వైపు చూసింది. "ల్యాదు అవ్వా" అని వచ్చేసింది.

ఆఖరిదైన ఎనిమిదో రౌండు చివరి మలుపులో బళ్ళారి అతను మమ్మల్ని దాటేశాడు. కుళ్ళాయప్ప రెండో స్థానంలో వచ్చాడు. కదులుతున్న బళ్ళు రెండే కాబట్టి అది ఆఖరి స్థానం కూడా. మైకులో "ద్వితీయ మరియు చివరి స్థానం" అని చదివారు. కుళ్ళాయప్ప హెల్మెట్ తీసి బేలగా భార్యను చూశాడు.

"నేను గెలిస్తినా, బండి ఇప్పల్నా?"

"రెండోది అంటే రెండోదే. ఇప్పేదేం ల్యా" అని ఆమె ఆయన ముక్కు మీది బురద కొంగుతో తుడిచింది.

కప్పు ఇచ్చి చైర్మన్ గారు కారెక్కారు. అది కదలలేదు. చల్లగా ఉంటుందని పొద్దున దాన్ని ట్యాంకర్ల పక్కన ఆపించారు. అక్కడ నీడకు నేల ఇంకా మడిగానే ఉంది. కారు దిగబడింది. సుంకమ్మ సగం బోడిదాన్నయిన నన్ను విప్పి కారు చక్రం కింద పెట్టింది. అయినా తోసేవాళ్ళు కావాలి. చైర్మన్ గారు ఆడవాళ్ళ వైపు తిరిగి, "అమ్మా, తలా ఒక చెయ్యి వేయండి" అన్నారు.

"ఏస్తాం సామీ" అంది వన్నూరమ్మ. "వారానికి మూడు దినాలు మా ఊరికి ట్యాంకరు పంపు."

"పంపిస్తాలేమ్మా."

"ఊరికే కాదు. మైకులో సెప్పు."

మైకు తెచ్చారు. ఆయన చెప్పారు. సోమ, గురు, శనివారాలు అని రోజులతో సహా వన్నూరమ్మ చెప్పించింది. సుంకమ్మ దాన్ని ఫోనులో రికార్డు చేసుకుంది. అప్పుడు నలభై మంది ఆడవాళ్ళు ఒక్క ఊపులో తోశారు. కారు నా మీదుగా బయటపడింది. నా పక్కగోడ చీలింది. ఇంక ఏ రిమ్ముకూ పనికిరాను.

"ఆ టైరు నాకియ్యి బిడ్డా, బిందెకు కుదురు ల్యాదు" అని వన్నూరమ్మ అడిగింది. సుంకమ్మ ఒక గుడ్డతో నన్ను తుడిచి ఇచ్చింది.

కుళ్ళాయప్ప ఇప్పటికీ రేసులకు వెళతాడు. ఆలుమగలిద్దరూ కలిసి మట్టి తిని, కాసేపు వాదులాడుకుని, చివరికి ఆమె చెప్పిందే వేస్తారు. పోయిన నెల నాలుగో స్థానమట.

నేను గుండ్లపల్లి వీధి మొగలో, ట్యాంకరు ఆగే చోట ఉంటున్నాను. పోయిన గురువారం ట్యాంకరు రాలేదు. ఆడవాళ్ళు బిందెలతో, నాతో సహా ఆటోల్లో చైర్మన్ గారి ఇంటికి వెళ్ళారు. గేటు ముందు నన్ను వేసి, నా మీద బిందె పెట్టి, ఆయన గొంతునే స్పీకర్‌లో ఆయనకు వినిపించారు. మధ్యాహ్నం లోపల ట్యాంకరు వచ్చింది.

ఇవాళ శనివారం. మలుపు దగ్గర హారను మోగుతోంది. వన్నూరమ్మ ఖాళీ బిందెను నా నడిమిలో దించి, ఒరగకుండా ఉందో లేదో అరచేత్తో ఒకసారి ఒత్తి చూసుకుంది. నేను కదల్లేదు.