బెల్లు లేకుండా కదిలిన బండి

మా ఆయన ఈశ్వరప్ప బంగారు గనుల్లో వైండరు నడుపుతాడు. నిలువు బావిలాంటి షాఫ్టులోకి మనుషుల్ని దించి పైకి లాగే ఇంజను అది. కింద నుంచి ఎన్ని బెల్లులు కొడితే ఈయన అన్ని తిరిగి కొట్టాలి. అప్పుడే మనుషులు నిలబడిన కేజు కదలాలి. గనులు సర్కారు చేతికి వచ్చిన కొత్తలో పనిలో చేరాడు. పన్నెండేళ్లలో బెల్లు తప్పింది లేదని మా ఊరు రాబర్ట్‌సన్‌పేటంతా వినేలా చెప్పుకుంటాడు.

అంత ఘనుడు ఎజ్డీ మోటారుసైకిలు కొన్న మూడో నెలలోనే పెట్రోలులో ఆయిలు కలపడం మరిచిపోయాడు. ఆ బండికి ఆయిలు పెట్రోలులోనే కలిపి పోయాలి, లేకుంటే ఇంజను ఎండి బిగుస్తుంది. బేతమంగళం దారిలో ఇంజను పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుంది, ఈయన ఎగిరి కంకర మీద పడ్డాడు. భుజం ఎముక విరిగి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ మూడు నెలలూ నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

అప్పటి నుంచి ఇంట్లోనూ బెల్లు పెట్టాను. బండిలో పెట్రోలు పోశాక నేను "ఆయిలు?" అని అడగాలి. ఆయన "పోసినాను, లీటరుకు నలభై" అనాలి, అంటే నలభై మిల్లీలీటర్లు. ఆ తర్వాతే కిక్కు కొట్టాలి. పక్కింటి అక్కయమ్మ నవ్వేది. నవ్వనీ, ఆమె మొగుడికి సైకిలే కదా.

మామిడికాయల కాలంలో ఒక ఆదివారం శ్రీనివాసపురంలో మా పిన్నమ్మ ఇంటికి వెళ్లాం. వెళ్లేటప్పటికే మా ఇద్దరికీ మాటల్లేక మూడు రోజులు. పప్పూ ఆకుకూరా ఉడికిన నీళ్లతో నేను కాచిన బస్సారు వాళ్లన్నకు వడ్డిస్తే, ఆయన ఎదుటే ఈయన "మా అమ్మ చేస్తే చిక్కగా ఉండేది" అన్నాడు. రెండుసార్లు పోయించుకుని తిన్నాక అన్నాడు. ఇంక నేనెందుకు మాట్లాడాలి?

తిరిగి వచ్చేటప్పుడు బంకులో అయిదు లీటర్లు పోయించాడు. నేను పక్కన మామిడికాయల సంచి మూతి కడుతున్నాను. బంకు వాళ్ల ఆయిలు ఆయనకు పనికిరాదు, బండి పక్క పెట్టెలో తన ఆయిలు డబ్బా తనకు ఉండాల్సిందే. ఇంతలో వెనకనున్న కాయల లారీ హారను మీద హారను కొట్టింది. ఈయన ట్యాంకు మూత పెట్టేసి బండిని ముందుకు తోశాడు. నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేదు. ఆయనే గుర్తుపెట్టుకుంటాడులే అనుకున్నాను. నాలుగేళ్ల మా పాపను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని కిక్కు కొట్టాడు.

మొదటి నాలుగు మైళ్లు ఏమీ తెలియలేదు. ట్యాంకు అడుగున మిగిలిన, ఆయిలు కలిసిన పాత పెట్రోలు కాపాడి ఉంటుంది. ఆ తర్వాత నాకు ఏదో తక్కువగా అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు శుభ్రంగా ఉంది. మా బండి వెనక రోడ్డు శుభ్రంగా ఉండటం ఎన్నడూ లేదు, నా చీరలన్నీ ఆయిలు కాలిన ఆ నీలిపొగ వాసనే.

అయినా నోరు పెగల్లేదు. పంతం అంత చెడ్డది. ముందు ఎత్తు వచ్చింది. ఇంజను శబ్దం సన్నబడి, గొంతు ఆరిపోయినట్టు గీపెట్టసాగింది. ట్యాంకు మీద పాప జడ ఊగుతోంది. చక్రం బిగుసుకుంటే ముందుగా ఎగిరిపడేది అదే.

"ఆయిలు పోసినారా?" అని ఆయన చెవిలో అరిచాను.

ఆయన వెంటనే క్లచ్ పట్టి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగిపోయి, బండి చప్పుడు లేకుండా దొర్లి రోడ్డు పక్కన నిలిచింది. నేను దిగి పాపను లాక్కున్నాను. అది మామిడికాయ ఇమ్మంది. ఇచ్చాను.

ఇంజను దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. నీళ్లు చల్లబోతే వద్దన్నాడు, చల్లితే పగులుతుందట. చింతచెట్టు నీడలో గంటసేపు కూర్చున్నాం. చల్లారాక ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కొంచెం ఆయిలు పోసి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కాడు. మొదట దిగలేదు. రెండోసారి బరువుగా దిగింది. మూడోసారి మామూలుగా ఆడింది. ఆయన ప్లగ్గు మళ్లీ బిగించి అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు అడుగుతావని చూసినాను," అన్నాడు. "అడగలే. నాకూ రోషమొచ్చి ఎక్కినాను. ఆ రోషంలో ఆయిలు సంగతే మతికి రాలే. పన్నెండేండ్లు బెల్లు రాకుండా ఒక్క పొద్దూ కేజు కదిలించినవాణ్ణి కాదు. ఈ పొద్దు బిడ్డను ముందర పెట్టుకుని కదిలించినాను."

తప్పు సగం నాది. ఆ మాట అప్పుడే అన్నాను కూడా.

ట్యాంకులో ఆయిలు కొలిచి పోసి, బండిని అటూ ఇటూ ఊపి కలిపాడు. ఎక్కి, కిక్కు మీద కాలు పెట్టి ఆగాడు.

"ఆయిలు?" అన్నాను.

"పోసినాను. లీటరుకు నలభై."

మైలు దూరం పోయాక తిరిగి చూశాను. మా వెనక రోడ్డంతా నీలిపొగ. ఆ కంపు అంత హాయిగా పీల్చుకున్నది ఆ రోజే. ఇంటికి చేరేదాకా పది సార్లయినా తిరిగి చూసి ఉంటాను.

బస్సారు సంగతి మాత్రం నేను మరవలేదు. మరుసటి నెల ఇంకో విషయానికి అయిదు రోజులు మాటలు మానుకున్నాం. మూడో రోజు ఆయన బండి తీసి, పెట్రోలు పోసి, గడప దగ్గర నిలబడ్డాడు. నేను వంటింట్లోంచి లేచి వచ్చి, మొహం గోడ వైపు తిప్పుకుని, "ఆయిలు?" అని అడిగాను.