వెనక్కి చాచిన చెయ్యి

“ముందు నా గౌను ఇస్త్రీ చెయ్యి. నీది చేసినా చెయ్యకపోయినా ఎవరు చూడొచ్చారు?” అన్నాడు మా ఆయన, అద్దం ముందు తల దువ్వుకుంటూ. వెటకారమేమీ కాదు, ఉన్న మాటే అన్నాడు. ఆయనా లాయరే, నేనూ లాయర్నే. కోర్టులో ఆయన వెనక కుర్చీ నాది. నా గౌను ముడతలు ఫైళ్ళకు తప్ప ఎవరికీ కనిపించవు. అయినా ఆ మాట విన్నాక చేతిలో ఇస్త్రీపెట్టె ఇంకొంచెం బరువెక్కింది.

ఆ రోజు సాయంత్రం మేం చదివిన లా కాలేజీలో ఆయన ప్రసంగం. కాలేజీ అనుభవాలు లాయరు వృత్తికి ఎలా పనికొస్తాయో పిల్లలకు చెప్పాలి. “నువ్వే రాసిపెట్టు, నీకైతే అన్నీ గుర్తుంటాయి” అని ముందే పురమాయించాడు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే కొంత, అత్తగారికి మందులిచ్చి వచ్చి కొంత రాశాను. అన్నీ గుర్తున్న మాట నిజమే కానీ, గుర్తున్నవన్నీ రాయలేదు.

కాలేజీలో మూట్ కోర్టు పేరుతో ఉత్తుత్తి వాదనల పోటీ పెట్టేవాళ్ళు. జట్టులో వాదించేవాళ్ళు వేరు, వెనక కూర్చుని తీర్పులు వెతికిపెట్టేవాళ్ళు వేరు. వెనకవాళ్ళు నోరు విప్పకూడదు, చీటీ మాత్రం అందించొచ్చు. “అమ్మాయికి బుర్ర ఉంది, అబ్బాయికి గొంతు ఉంది” అని మాస్టారు మా ఇద్దర్నీ ఒక జట్టు చేశారు. ప్రశ్న పడగానే ఆయన తల తిప్పకుండా ఎడమచెయ్యి వెనక్కి చాచేవాడు, నేను అందులో చీటీ పెట్టేదాన్ని. కప్పు ఆయనకే వచ్చింది, తర్వాత నేనూ ఆయనకే వచ్చాను. ఆ చెయ్యి మాత్రం ఈనాటికీ అలాగే చాస్తాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఆయనకు కోపం రాదు, నవ్వుతాడు. నాకే నవ్వు రావడం మానేసింది. నేనూ వాదిస్తానని పెళ్ళయిన కొత్తలో అంటే, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కోర్టులో అరిచొస్తే ఇంట్లో మాట్లాడే ఓపిక ఎవరికుంటుందమ్మా అంది అత్తగారు. ఇంట్లో ఎవరు మాట్లాడతారో ఆవిడకు తెలియనిది కాదు.

మర్నాడు ఒక నర్సు కేసు విచారణకు ఉంది. కడుపుతో ఉండి రాత్రి డ్యూటీలు చెయ్యలేకపోతే ఉద్యోగంలోంచి తీసేశారు. కింది కోర్టులో ఓడిపోయి మా దగ్గరికొచ్చింది. రక్తం కనబడ్డ రోజు సంగతి, పైఅధికారి అందరి ముందూ అన్న మాట, అన్నీ నా బల్ల పక్కన కూర్చుని చెప్పింది. “మీరే మాట్లాడండి మేడమ్. సార్‌కి ఇవన్నీ మళ్ళీ చెప్పలేను” అంది. ఆయన్ని అడిగాను. చూద్దాంలే అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే కాదని.

ప్రసంగానికి చప్పట్లు బాగానే పడ్డాయి. చివర్లో ఆయన సొంతంగా ఒక ముక్క కలిపాడు. ఆ రోజుల్లోనే మా ఆవిడ నాకు చీటీలందించేది, జీతం అడగని జూనియర్ లాయరు కాలేజీలోనే దొరికింది అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వు మొహం పెట్టాను, అలవాటే కదా. బయటికొస్తుంటే ఒక అమ్మాయి, చేతి నిండా ఫైళ్ళు, నా దగ్గరికొచ్చింది. ఆయన దగ్గరికి కాదు, నా దగ్గరికే.

“మేడమ్, మా జట్టులో చీటీలు రాసేది నేనే. మాకు మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది?”

“వస్తుందమ్మా, అనుభవం మీద వస్తుంది” అన్నాను. ఆ పిల్ల నమ్మేసింది. థాంక్స్ మేడమ్ అని సంతోషంగా వెళ్ళిపోయింది. నమ్మకపోయినా బాగుండేది. దారిలో ఆయన ప్రసంగం ఎలా పేలిందో చెప్పుకుంటూ కారు నడిపాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఒంట్లో ఓపిక లేదనుకున్నాడు. అదీ నిజమే.

మర్నాడు కోర్టులో ఆయన గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది. జడ్జిగారు కాసేపు విని, డ్యూటీ మార్చమని ఆమె ముందుగా ఎందుకు అడగలేదన్నారు. ఎడమచెయ్యి వెనక్కి వచ్చింది.

అడిగింది. ఎవర్ని అడిగిందో, ఏమని బతిమాలుకుందో, ఏం అనిపించుకుందో నాకు తెలుసు. అది చీటీలో పట్టేది కాదు. పక్క బెంచీలో నర్సు నా వైపే చూస్తోంది. ఆయన వేళ్ళు రెండుసార్లు ఆడాయి, తొందరగా ఇవ్వమన్నట్టు. నిన్న ఆ పిల్లకు చెప్పిన మాట గుర్తొచ్చింది. కలం బల్ల మీద పెట్టి లేచాను.

“ఆమె అడిగిందండీ. ఎలా అడిగిందో నేను చెప్తాను.”

జడ్జిగారు కళ్ళజోడు తీసి చూశారు. ఇన్నేళ్ళుగా రోజూ ఆ జడ్జిగారి ఎదుటే కూర్చుంటున్నాను.

“మీరెవరమ్మా?”

“ఈ కేసు లాయర్ని” అన్నాను, చాచిన చెయ్యిని దాటుకుని ముందుకొస్తూ.